సెన్సార్‌కు తొలి బొట్టు

తొంభైలలో మందమర్రి దగ్గరి బొగ్గుగనిలో నేను కొత్త ఇంజనీరుని. కార్మికులను లోపలికి దింపే యంత్రానికి, అదురును బట్టి ప్రమాదాన్ని ముందే హెచ్చరించే సెన్సార్ పెట్టించాను. దసరా నాడు ఆపరేటర్ మల్లయ్య యంత్రానికి పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. మర్నాడు మొదటి షిఫ్టు దిగబోతుంటే సెన్సార్ మోగింది.

"కొబ్బరినీళ్లు పడ్డయి సార్, గందుకే మొత్తుకుంటుంది. ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు మల్లయ్య.

తుడిచి చూశాను. మోత ఆగలేదు. "యంత్రం విప్పి చూసేదాకా ఎవరూ దిగొద్దు" అన్నాను.

"సారుకు పండుగ మత్తు దిగలే!" అని వరుసలో నిలబడ్డవాళ్లు నవ్వారు.

విప్పితే బేరింగు పగిలి ఉంది. నవ్వినవాళ్లే నన్ను భుజాలకెత్తుకున్నారు. ఆ మత్తు నాకింకా దిగలేదు.

మరుసటి దసరాకు మల్లయ్య కుంకుమ గిన్నెతో తిన్నగా సెన్సార్ దగ్గరికి వెళ్లాడు. "ముందుగాల గీయనకే బొట్టు సార్. కాయ మాత్రం జర దూరంగ కొడ్త!"