ఉగాది సభలో పోలండ్ పాట

హెర్న్‌డన్‌లో మా అమ్మాయి పియానో శ్రుతి చేయడానికి వచ్చే పెద్దాయన ఒకప్పుడు పోలండ్‌లో పేరున్న గాయకుడు. రెండోసారి వచ్చినప్పుడు టీ తాగుతూ ఆయనే చెప్పాడు. పాటలు తనే రాసుకుని పాడేవాడట. నాలుగు సినిమాల్లో వేశాడట, ఒకదాంట్లో పోస్ట్‌మ్యాన్‌గా. కచేరీలకని అమెరికా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. దాంతో అక్కడి రేడియో ఆయన పాటలు వేయడం మానేసింది. ఆ తర్వాత బతుకంతా ఇతరుల పియానోలు బాగుచేయడమే.

నాకు ఉత్సాహం ఎక్కువ, ఆలోచన తక్కువ. ఆ ఏడు మా తెలుగువాళ్ల ఉగాది సభలో మైకు నా చేతిలోనే ఉంది. ఒక్క పాట పాడమని అడిగాను. ఇరవై ఏళ్ల తర్వాత కొత్త పాట రాశానని ఆయన ఫోన్ చేసి మరీ చెప్పాడు.

పదకొండింటికి పాడాలి. మన సభల సంగతి తెలిసిందే కదా. కమిటీవాళ్ల పిల్లల డాన్సులు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. ఎవరి పిల్లల్ని ఆపినా వాళ్లు ఏడాదంతా మనతో మాట్లాడరు. ఆయన నల్లకోటు వేసుకుని, గిటారు ఒళ్లో పెట్టుకుని మొదటి వరసలో ఓపిగ్గా కూర్చున్నాడు. ఆయన వంతు వచ్చేసరికి ఒంటిగంటన్నర అయింది.

కళ్లు మూసుకుని మొదటి చరణం పాడాడు. గొంతు వణికింది గానీ పాట బాగుంది. చరణం అయ్యాక గిటారు వాయిస్తుంటే కమిటీ మిత్రుడొకడు నా పక్కకొచ్చాడు.

"అన్నా, పబ్లిక్ ఆకలి మీదున్నరు. లంచ్ అనౌన్స్ చేసెయ్. ఆయనకు తెలుగు రాదు గదా!"

చేశాను. పైగా అనుమానం రాకుండా ఆయన వైపు చెయ్యి చాచి, నవ్వుతూ చేశాను: "కెఫెటేరియాలో భోజనాలు సిద్ధం. పెద్దవాళ్లు ముందు వెళ్లండి."

హాలంతా లేచింది. వెనకనుంచి ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఆయన కళ్లు తెరిచి చూసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, నడుం వంచి నమస్కరించాడు. మళ్లీ కళ్లు మూసుకుని రెండో చరణం ఎత్తుకున్నాడు. అది విన్నది నేనూ, మోకాళ్ల నొప్పులతో లేవలేకపోయిన ఒక మామ్మగారూ.

ఆయన్ని కార్‌లో ఇంటికి తీసుకెళ్తుంటే అడిగాడు.

"చివరికి ఆకలేసి వెళ్లారు, సరే. కానీ అంతకుముందు అందరూ లేచి నిలబడ్డారు కదా. వాళ్లకి నా గురించి ఏం చెప్పావు?"

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. "మీ జీవితం గురించి చెప్పాను," అన్నాను.

"అది ఇంగ్లీష్‌లో రాసివ్వు. దాచుకుంటాను."

వారం తర్వాత రాసి తీసుకెళ్లాను. పాటలు, నాలుగు సినిమాలు, పోస్ట్‌మ్యాన్ వేషం, అన్నీ రాశాను. ఆయన పాత ఆల్బమ్ తీశాడు. అందులో పోలండ్ పత్రికల ముక్కలు పసుపురంగుకు తిరిగి ఉన్నాయి. ఆఖరి పేజీలో నా కాగితం అతికించబోతూ ఆగి, పెన్ను నాకిచ్చాడు.

"సభంతా లేచి నిలబడిందని రాయలేదేం? అదీ రాయి."

రాశాను.