టోపీకి మూడు రోజులు

గెరాల్డ్ పిమ్ పాళీని సిరాలో ముంచి, ఊపిరి బిగబట్టి సన్నటి గీతలు గీస్తున్నాడు. విక్టోరియా కాలపు లండన్‌లో నిజంగా జరిగిన హత్యల మీద వస్తున్న బొమ్మల నవల అది. టీ తెచ్చిన పక్కింటి మోరీన్ పేజీ మీదికి వంగింది. వీధిలో పడివున్న శవానికి తన ముఖమే ఉంది.

"నన్నే చంపేశావా గెరీ? ముందే చెబితే మంచి గౌను వేసుకునేదాన్ని," అని నవ్వింది. తర్వాత హంతకుడి మీద వేలు పెట్టి, "వీడి టోపీ మాత్రం ఎంత శ్రద్ధగా గీశావో," అంది.

టోపీకి మూడు రోజులు పట్టింది. శవాన్ని పావుగంటలో, కిటికీలోంచి కనబడ్డ ముఖంతో ముగించాడు. గెరాల్డ్‌కు తలెత్తబుద్ధి కాలేదు. ఆమె వెళ్లాక, ఆనాడు నిజంగా హత్యకు గురైనామె పాత ఫోటో ముందు పెట్టుకుని, శవం బొమ్మ మీద తెల్లకాగితం అతికించి, మూడు రోజుల పాటు ఆ ముఖమే గీశాడు. టోపీని సిరాతో చీకట్లో కలిపేసి, నాలుగో రోజు పేజీని ప్రచురణకర్త చేతిలో పెట్టాడు.