వరసలో మూడో పేరు

చైనాలోని ఈవూ నగరంలో విదేశీయుల పిల్లల చదువుకు మార్గాలు మూడు. మొదటిది హాంగ్‌జౌలోని ఇంగ్లీషు స్కూలు. దాని ఏడాది ఫీజు వింటే కంటైనర్ల లెక్కన సరుకు కొనే షావుకార్లు కూడా ఒక్క క్షణం కుర్చీ కోసం తడుముకుంటారు. రెండోది వ్యాపారులు చందాలు వేసుకుని నడిపే అరబ్బీ బడి. ఒక హోటలు మీద మూడో అంతస్తులో ఉంటుంది, అక్కడ వ్యాకరణం మాంసం కాలిన వాసన వేస్తుంది. మూడోది పేటలోని సర్కారు బడి. నివాస పత్రం, అద్దె ఒప్పందం, టీకాల పుస్తకం, తండ్రి పని చేస్తున్నాడన్న కాగితం, వాటన్నిటికీ రెండేసి నకళ్ళు పట్టుకెళ్తే మన పిల్లల్నీ చేర్చుకుంటారు.

ముఖ్‌బిల్ ఈ మూడింటినీ నిష్పక్షపాతంగా తూచి చూసి, ఇంటికి దగ్గర కాబట్టి మూడోది ఎంచుకున్నాడు.

అతనిది యెమెన్‌లో తాయిజ్. మా సరుకు రవాణా ఆఫీసులో కంటైనర్లు నింపించే పని. ఇక లోపల చోటు లేదని డ్రైవరూ కూలీలూ గోదాము యజమానీ ముక్తకంఠంతో ఒప్పుకున్న తర్వాత ఇంకో పదకొండు అట్టపెట్టెలు ఎక్కించడం అతని విద్య. ఒక కన్ను మూసి పెట్టెకేసి చూసేవాడు. అంతే, దాని పొడుగూ వెడల్పూ అతనికి లొంగిపోయేవి. పద్నాలుగేళ్ళలో బేరానికీ అంకెలకీ కూలీల్ని తిట్టడానికీ సరిపడా చైనా భాష నేర్చాడు. అక్షరాలు మాత్రం ఒక్కటీ పట్టుబడలేదు. వాటి జోలికి పోకపోవడం ఒక రకమైన మర్యాద అని అతని అభిప్రాయం.

ఇంట్లో అక్షరాల శాఖ కూతురు రౌదాది. ఆరేళ్ళప్పుడు బడిలో వేస్తే, ఆ ఏడు శీతాకాలానికల్లా ఆ పిల్ల కలల్లో కూడా చైనా భాషే మాట్లాడుతోందని తల్లి బుష్రా బెంగపెట్టుకుంది. పన్నెండేళ్ళు వచ్చేసరికి క్లాసులో వ్యాసరచనకి మొదటి పిల్ల. నూడుల్స్ కొట్టు ముసలావిడతో ఈవూ యాసలో వాదించి అదనంగా ఊరగాయ వేయించుకునేది. కరెంటు బిల్లు, ఇంటి ఓనరు ఉత్తరం, వీసా ఆఫీసు నోటీసు, ఏదొచ్చినా ఆ పిల్ల చదివి అరబ్బీలో చెప్పాలి. అయితే ఆ అరబ్బీ వంటింటి అరబ్బీ. అందులో అన్నం, చెప్పులు, దుప్పటి, త్వరగా రా అనే మాటలున్నాయిగాని రాయడం చదవడం లేవు. ఎప్పుడో నేర్చుకుంటుందిలే అనుకున్నారు.

ఇక తల్లిదండ్రుల గ్రూపు సంగతి. ఈ దేశంలో బిడ్డని బడిలో వేసినవాడు తనూ ఫోనులో చేరతాడు. టీచరు ఏదైనా పెడితే నలభై అయిదుగురు తల్లిదండ్రులూ ఒకరి వెనక ఒకరు "అందింది" అని పెట్టాలి. పేర్లు కావాల్సి వస్తే వరస కడతారు: మొదటివాడు ఒకటి అంకె వేసి పేరు రాస్తాడు, రెండోవాడు దాన్ని ఎత్తి రాసి రెండో పేరు కలుపుతాడు, అలా పెరుగుతుంది. మూడో క్లాసులో ఒకసారి వానకోట్ల వరసలో ముఖ్‌బిల్ ఆలస్యమయ్యాడు. కోట్లు అయిపోయాయి. ఆ ఏటి వానలకి రౌదా ఒక్కతే గొడుగుతో వెళ్ళింది. అప్పటినుంచి వరస కనబడితే మొదటి అయిదుగురిలో తన పేరుండాలని పంతం పట్టాడు. ఈ విజయాల్ని గోదాములో నాకు వినయంగానే చెప్పేవాడు, రోజుకి రెండుసార్లు.

ఆరో క్లాసు ఏప్రిల్లో పిల్లల్ని మూడు రోజులు కొండల మీదికి విహారపాఠానికి తీసుకెళ్ళారు. ఫోన్లు తీసుకెళ్ళకూడదు. వెళ్ళేముందు రౌదా తండ్రిని కూర్చోబెట్టి చెప్పిందట:

"నాన్నా, గ్రూపులో ఏమొచ్చినా అందింది అని పెట్టు. వరస వస్తే పేరు కలిపెయ్. మిగతాది నేనొచ్చాక చూసుకుంటా. ఫోను చేసే అనువాదం మాత్రం నమ్మకు. పోయినసారి మా క్లాసంతా ద్రాక్షపళ్ళకి పెళ్ళి చేస్తోందని చెప్పింది."

రెండోరోజు మధ్యాహ్నం వరస వచ్చింది. ముఖ్‌బిల్ కంటైనరు నోట్లో నిలబడి ప్లాస్టిక్ చెప్పుల పెట్టెలు ఎక్కిస్తున్నాడు. నేను ఆ వేళ ఓడల పనిమీద నింగ్‌బో రేవులో ఉన్నాను. గోదాములోనే ఉంటే నాకు చూపించేవాడేమో, చూపించేవాడు కాడేమో. పంపినవాళ్ళ ఫొటోలు చూస్తే, ఒకటో పేరు కొరియా అబ్బాయి తండ్రిది, రెండోది ఉక్రెయిన్ పిల్ల తల్లిది. విదేశీయుల కోసం ఏదో ఇస్తున్నారని అతనికి అర్థమైంది. అంతవరకు సరిగ్గానే అర్థమైంది. చేతి తొడుగు పళ్ళతో లాగి, వరస ఎత్తి రాసి, కూతురు ఫోనులో దాచి ఉంచిన మాట మూడో పేరుగా కలిపాడు: రౌదా నాన్న. తర్వాత సాయంత్రందాకా హుషారుగా ఉన్నాడని కూలీలు చెప్పారు.

రౌదా వచ్చేసరికి ఆ సందేశం మీద మూడొందల "అందింది"లు పేరుకున్నాయి. కొండమీద అందరూ దిగిన ఫొటోలు వచ్చి పడటంతో అది పైకెక్కడికో జారిపోయింది. ఎవరూ వెనక్కి వెళ్ళి చూడలేదు.

జూలైలో మిడిల్ స్కూలు సీటు కాగితాలు వచ్చాయి. క్లాసులో రౌదా పక్కన కూర్చునే యూయింగ్‌కి వచ్చింది, కింది అంతస్తు కవలలకి వచ్చింది. రౌదాకి రాలేదు. క్లాసు చూసే షెన్ టీచరుని అడిగితే, ఆమె ఫోనులో వెనక్కి వెనక్కి వెళ్ళి ఏప్రిల్ సందేశం తీసింది. స్వదేశానికి వెళ్ళిపోతున్నందువల్ల మన ప్రాంతపు మిడిల్ స్కూల్లో సీటు అక్కర్లేని విదేశీ పిల్లల తల్లిదండ్రులు మాత్రమే పేర్లు కలపవలసింది, సాయంత్రం అయిదులోపు, అని ఉంది. టీచరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మీరు యెమెన్ వెళ్ళిపోతున్నారనుకున్నాను, వీడ్కోలుకి రౌదాకి ఒక కలం కూడా కొని ఉంచాను అంది.

విద్యాశాఖ ఆఫీసుకి ముఖ్‌బిల్, రౌదా, షెన్ టీచరు, నేను వెళ్ళాం. అక్కడి అధికారి మంచివాడు. మంచివాళ్ళతో ఉండే ఇబ్బంది ఏమిటంటే వాళ్ళమీద కోపం తెచ్చుకోవడానికి ఏమీ దొరకదు. టీ పోశాడు. జాబితా నగర కార్యాలయానికి వెళ్ళిపోయిందనీ, మిగిలిన సీట్లు కంప్యూటరు వేరే పిల్లలకి పంచేసిందనీ, క్లాసుకి యాభై మందికి మించి కూర్చోబెట్టనివ్వరనీ చెప్పాడు. తండ్రే స్వయంగా రాసి ఇచ్చాడు కదా అన్నాడు.

ముఖ్‌బిల్ నా వైపు తిరిగాడు. "పేరు రాసింది నేను. చదువు ఆ పిల్లది. రెండూ ఒకటి కాదని చెప్పవయ్యా ఆయనకి."

చెప్పాను. అధికారి ఒకటి కాదు నిజమే అన్నాడు. మా కప్పుల్లో మళ్ళీ టీ పోశాడు. ముఖ్‌బిల్ ఒక కన్ను మూసి గోడమీది క్లాసుగదుల పటంకేసి చూస్తున్నాడు.

"ఇంకొక్క బెంచీ పడుతుంది," అన్నాడు అరబ్బీలో, ఎవరితోనూ కాదు. "వెనక గోడకి ఆనించి వేస్తే పడుతుంది."

దాన్ని నేను అనువదించలేదు.

బయట మెట్లమీద అతను కూతురికి ఏదో చెప్పాలని చూశాడు. రౌదాయే అంది: "వరస వస్తే కలిపెయ్ అని చెప్పింది నేనే కదా నాన్నా. నువ్వు నేను చెప్పినట్టే చేశావ్."

తిట్టి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు నాతో అన్నాడు. ఒక్కసారి తిడితే చాలు, ఆ పిల్ల చేత తిట్లు తినడానికి ఆఫీసు మానేసి కూర్చుంటానన్నాడు. ఆ పిల్ల తిట్టలేదు. పైగా వారం రోజులు తండ్రికి నచ్చే మసాలా టీ తనే కాచి ఇచ్చింది. అది అతని ముందే చల్లారిపోయేది.

హాంగ్‌జౌ స్కూలుకి ఫోన్ చేశాడు, ఫీజు విని థాంక్స్ చెప్పి పెట్టేశాడు. మరుసటి ఏడు సర్కారు బడిలో మళ్ళీ చూడవచ్చా అంటే, ఖాళీ వస్తే అన్నారు. నాలుగేళ్ళుగా అక్కడ ఖాళీ వచ్చిన దాఖలా లేదు. ఇక మిగిలింది అరబ్బీ బడి.

దాన్ని నడిపే ఇద్రీస్ ఉస్తాదు సూడాన్ ఆయన. ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక అందరినీ ఆలస్యంగా నొప్పిస్తాడు. రౌదాకి చిన్న పరీక్ష పెట్టాడు. లెక్కల కాగితం ఆయన లేచి కుర్చీ లాక్కునేలోపు పూర్తి చేసింది. అరబ్బీ పేరా ఇచ్చి చదవమంటే మొదటి వాక్యం దగ్గర వేలు పెట్టి చాలాసేపు ఉంచింది. ఆ వేలు కదల్లేదు. ఉస్తాదు గడియారం చూశాడు, కిటికీలోంచి చూశాడు, చివరికి పుస్తకం మెల్లగా తనవైపు తిప్పుకున్నాడు.

"అబూ రౌదా," అన్నాడు ముఖ్‌బిల్‌తో, రౌదా నాన్నా అని. "మూడో క్లాసులో కూర్చోబెడదాం. ఇక్కడ లెక్కలూ సైన్సూ కూడా అరబ్బీలోనే కదా. తెలివైన పిల్ల, రెండేళ్ళలో అందుకుంటుంది."

"మూడో క్లాసు పిల్లలకి ఎనిమిదేళ్ళు."

"తొమ్మిదేళ్ళవాళ్ళు కూడా ఒకరిద్దరు ఉన్నారు," అన్నాడు ఉస్తాదు, ఓదార్పుగా.

సెప్టెంబరులో చేరింది. బల్ల చిన్నది కాబట్టి మోకాళ్ళు పక్కకి పెట్టి కూర్చుంటుందని బుష్రా చెప్పింది. వ్యాసాలు రాసే పిల్ల అలిఫ్, బా అంటూ అక్షరాలు దిద్దుతోంది. ఇంటికొచ్చి ఏమీ చెప్పదు. అడిగితే బాగుంది అంటుంది, ఏ భాషలో అడిగితే ఆ భాషలో.

అక్టోబరులో ఒక సాయంత్రం ముఖ్‌బిలూ నేనూ ఆ వీధిలో హోటలు దగ్గర లారీ కోసం ఎదురుచూస్తున్నాం. పైనుంచి బడి వదిలారు. ఎనిమిదేళ్ళ పిల్లల వరస మెట్లు దిగింది, చివర రౌదా. మిగతావాళ్ళ తలలు ఆమె భుజాల్ని దాటవు. అదే సమయానికి బస్‌స్టాపులో మిడిల్ స్కూలు నీలం యూనిఫారాలు నిలబడి ఉన్నాయి. వాటిలో యూయింగ్ ఉంది. రౌదా ముందుగా చూసింది. చూసి, తన ముందు నడుస్తున్న ఇద్దరు పిల్లల చేతులు చెరొకటీ పట్టుకుంది.

యూయింగ్ పరుగెత్తుకొచ్చింది. ఎన్నాళ్ళయింది, ఏ బడి, ఎందుకు కనబడవు అని గుక్క తిప్పుకోకుండా అడిగింది. తర్వాత కిందికి చూసి, "ఈ చిన్నవాళ్ళెవరు? మీ చుట్టాల పిల్లలా?" అంది.

"ఆఁ. బడినుంచి తీసుకెళ్ళడానికొచ్చా," అంది రౌదా.

ఆ పిల్లలు తలెత్తి చూశారుగాని చేతులు విడిపించుకోలేదు. ముఖ్‌బిల్ రెండడుగులు వెనక్కి వేసి హోటలు స్తంభం చాటుకి వెళ్ళాడు. మా లారీ వచ్చి హారన్ కొట్టింది, ఇంకోసారి కొట్టింది. నీలం యూనిఫారాలన్నీ ఎక్కి బస్సు కదిలిపోయేదాకా అతను ఆ చాటునుంచి రాలేదు.