బిగించని నట్లు

ఆమె పాతికేళ్లుగా సైకిళ్లు బాగుచేస్తోంది. ఆదివారం పొద్దున మరిదితో కలిసి కొండ మీంచి దిగే కంకరదారిలో సైకిలు తొక్కడం ఆమెకున్న ఒకే ఒక్క సరదా. ఆ దారిలో బండ్లు తిరగవు.

ఆ రోజు దిగుడు మొదలయ్యాక ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. నిన్న మరిది సైకిలుకు ట్యూబు మారుస్తుంటే ఎవరో పిలిచారు. లేచి వెళ్లిపోయి, ముందు చక్రం నట్లు బిగించడం మరిచిపోయింది. అతను అప్పటికే చాలా ముందున్నాడు. చక్రం అటూ ఇటూ ఊగుతోంది. అరిస్తే కంగారుపడి ముందు బ్రేకు నొక్కుతాడు, నొక్కితే బోర్లా పడతాడు.

పంటి బిగువున తొక్కి అతని పక్కకు చేరింది.

"ఏంటి వదినా, ఓడిపోతానని భయమా?"

"అవును, భయమే. వెనక బ్రేకు ఒక్కటే పట్టు, మెల్లగా. ఎందుకని అడక్కు."

ఆ గొంతు విని అతను నవ్వు ఆపేశాడు. మలుపుకు నాలుగడుగుల ముందు సైకిలు ఆగింది. ఆమె హ్యాండిల్ పైకెత్తగానే చక్రం ఊడి కంకర మీద పడింది. మరిది అక్కడే చతికిలబడ్డాడు.

"తప్పు నాదే. నలుగురిలో చెప్పుకున్నా నేనేం అనను."

"ముందు మంచినీళ్లు ఇవ్వు వదినా."

ఆమె చక్రాన్ని తిరిగి ఎక్కించి, పానాతో నట్లు బిగించి, మళ్లీ సరిచూసింది. తన సైకిలు అతనికిచ్చి, మిగిలిన దిగుడంతా అతని సైకిలు మీద తనే ముందు దిగింది.