తోమిన నాణెం

వీధిలో అందరికీ ఆయన అంచు మావయ్య. పాత బంగారు నాణెం ఎవరు తెచ్చినా "అంచు, అంచు పట్టుకోండి!" అని కేకేసేవాడు మరి. నాణెం ముఖం మీద వేలు పడితే ఆయన ప్రాణం మీద పడ్డట్టే. ఎంత అరిగిందో, గీతలెక్కడ పడ్డాయో భూతద్దంలో చూసి ఆయన గ్రేడు చెప్పాడంటే ఇక తిరుగులేదు.

కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి ఇదంతా ఏం తెలుసు? ముందుగదిలో ఆయన బల్ల తుడుస్తుంటే ఎర్రమసక కమ్మిన నాణెం ఒకటి కనిపించింది. మావయ్యకు సాయం చేద్దామనుకుంది పిచ్చితల్లి. పళ్ళపొడి వేసి, పాత బ్రష్షుతో తళతళలాడేలా తోమి, మళ్ళీ అక్కడే పెట్టింది. మెరిసేదంతా బంగారం కాదంటారు గానీ, ఆ ఇంట్లో బంగారం మెరవడమే నేరమని ఆమెకెవరూ చెప్పలేదు.

మావయ్య వచ్చి, బల్లమీది లైటు కింద నాణేన్ని అటూ ఇటూ వంచాడు. ఎవరూ రుద్దని నాణెం మీద వెలుగు చక్రంలా తిరుగుతుంది. దీని మీద కదల్లేదు.

"ఎవరమ్మా దీన్ని తోమింది?"

"నేనే మావయ్యా. మురికిగా ఉందని..."

"అయ్యో తల్లీ! అది మురికి కాదు, దాని వయసు. అది పోతే నాణేనికి సగం ధర కూడా రాదు."

నాణెం ఒక రిటైరైన బస్సు డ్రైవరుది. దాన్ని అమ్మి ఇంటి కప్పు బాగుచేయించుకోవాలని గ్రేడు కోసం ఇచ్చి వెళ్ళాడు, సాయంత్రం వస్తాడు. సంగతి బయటపడితే మావయ్యను ఇక ఎవరు నమ్ముతారు? తననీ గదిలో అడుగు పెట్టనిస్తారా?

డ్రైవరు రానే వచ్చాడు. ఆమె తలుపు వెనక నిలబడి వింటోంది. గ్రేడు తక్కువని చెప్పి పంపేస్తే, అది తోమడం వల్లేనని డ్రైవరుకు తెలిసేది కూడా కాదు. మావయ్య మాత్రం తన సొంత పెట్టె తెరిచి, అదే ముద్ర, అదే ఏడాది నాణెం ఒకటి బయటికి తీశాడు. అది ఆయన గురువు ఇచ్చింది.

"మీ నాణేన్ని మేం తోమి పాడుచేశామండీ. ఇది దానికంటే ఒక మెట్టు పైనే ఉంటుంది. తీసుకోండి."

"మేం అంటే ఎవరండీ?"

"మా ఇంట్లో చేతులన్నీ ఒకటేనండీ."

డ్రైవరు దండం పెట్టి పుచ్చుకు వెళ్ళాడు. తలుపు వెనక ఆమెకు ఏడుపు ఆగలేదు. పుట్టింట్లో గాజుగ్లాసు పగిలినా నెలంతా సాధించేవాళ్ళు. ఇక్కడ ఇంత చేస్తే, పరాయి మనిషి ముందు తన పేరైనా ఎత్తలేదు. ఆయన కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకున్నా ఈ రుణం తీరదనిపించింది.

"మీ గురువుగారిది నావల్ల పోయింది కదా మావయ్యా?"

"ఆయన నేర్చుకోమని ఇచ్చాడమ్మా. నేర్చుకున్నాను." స్టూలు ఇవతలకి లాగి, భూతద్దం ఆమె చేతిలో పెట్టాడు. "తోమిన నాణెం ఇప్పుడు మనది. కూర్చో, గీతలెక్కడున్నాయో నువ్వే చెప్పు."