బుల్లి ఎక్కించిన అద్దం

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. పెళ్ళికి ముందు మా అమ్మ ఈ మాట చెప్పి నన్ను బాగానే భయపెట్టింది. తీరా ఒడిశా రాయగడలో కాపురానికొచ్చి చూస్తే, మా ఆడపడుచు బుల్లి చేతులకి నల్లటి గమ్ము పూసుకుని, ఒక జీపు ముందు నిలబడి దాని డ్రైవరుకి చీవాట్లు పెడుతోంది. నన్ను సాధించడానికి ఆ మనిషికి తీరికెక్కడిది?

మా మామగారు సింహాచలం పార్వతీపురం నుంచి వచ్చి ఇక్కడ అద్దాల కొట్టు పెట్టారు. పటాలకి ఫ్రేములు కట్టడం, కిటికీలకి పలకలు కోయడం ఆయన పని. మా ఆయన జగన్‌కి గాజు ముట్టుకోవాలంటే వణుకు. అందుకని కోత పనంతా చిన్నప్పుడే బుల్లి చేతికొచ్చింది. మామగారు పోయాక ఆమె పటాలతో సరిపెట్టుకోలేదు. విజయనగరంలో ఒక మేస్త్రీ దగ్గర ఉండి, బళ్ళకి ముందద్దాలు ఎక్కించే పని నేర్చుకుని వచ్చింది. ఆడది ఎక్కించిన అద్దం కొండ ఘాటీ దిగేదాకా నిలుస్తుందా అని జీపుల స్టాండులో నవ్వుకున్నారట. ఆ నవ్వినవాళ్ళే తర్వాత లమ్తపుట్ నుంచీ బంధుగాం నుంచీ బళ్ళు తోలుకుని మా కొట్టు వెతుక్కుంటూ వచ్చారు.

ఆమె పద్ధతి ఆమెది. పాత అద్దాన్ని తీగతో కోసి తీస్తుంది. చట్రంలో తుప్పు గీకేస్తుంది. బొటనవేలితో చుట్టూ తడిమి, ఎక్కడైనా ఎత్తు తగిలితే మళ్ళీ గీకుతుంది. అద్దం కూర్చోబెట్టాక బండి తాళం తన జేబులో వేసుకుంటుంది. గమ్ము ఆరేదాకా ఆ తాళం బ్రహ్మ వచ్చి అడిగినా ఇవ్వదు. పెళ్ళికి వెళ్ళాలన్నా, కోర్టు కచేరీకి వెళ్ళాలన్నా బస్సెక్కి వెళ్ళమంటుంది.

చలికాలం వస్తే మా కొట్టుకి పని ఎక్కువ. కోరాపుట్ కొండల మీద పొద్దున్నే అద్దాల నిండా మంచు పేరుకుంటుంది. డ్రైవర్లు టీ కొట్టు నుంచి మరిగే నీళ్ళు తెచ్చి దాని మీద గుమ్మరిస్తారు. అద్దం టప్పున పగులుతుంది. రాయి తగల్లేదు, ఎవరూ ముట్టుకోలేదు, దానంతటదే పగిలింది, దిష్టి తగిలిందని మొత్తుకుంటారు. చలికి ముడుచుకున్న అద్దం మీద ఒక్కచోటే వేడి పడితే ఆ చోటు సాగుతుంది, పక్కది సాగదు. అప్పటికే ఎక్కడో చిన్న దెబ్బ ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. ఇది చెప్పి చెప్పి బుల్లి నోరు నొప్పెట్టిందే గాని, వాళ్ళు నీళ్ళు పొయ్యడం మానలేదు.

ఒక్క మాట మాత్రం స్టాండులో అందరూ ఒప్పుకునేవారు. బుల్లి బిగింపులో లోపం వల్ల ఏ అద్దమూ పగల్లేదు. ఆమెకి వేరే నగలు లేవు, ఆ పేరే ఉంది.

మా వీధి చివర విశాలాక్షమ్మగారి ఇల్లు. గుణుపురం వైపూ కోరాపుట్ వైపూ తిరిగే కార్లూ వేన్లూ వాళ్ళవే. వాటి అద్దాల పని ఎప్పుడూ బుల్లిదే. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్త కోడలు వచ్చిన ఏడాది, మార్గశిర లక్ష్మివారం నాడు ఇంటి బండికి ఆ కోడలే హారతి ఇవ్వాలి. తిండి పెట్టే బండి లక్ష్మి కదా, ఒక లక్ష్మికి ఇంకో లక్ష్మి హారతి అన్నమాట. ఆ తర్వాతే అందరూ ఆ బండెక్కి మజ్జిగౌరి తల్లి గుడికి వెళతారు.

పోయిన సంవత్సరం వాళ్ళ పృథ్వీరాజ్‌కి గుణుపురం పిల్ల గౌరీశ్వరితో పెళ్ళయింది. పెళ్ళికని కారుకి కొత్త ముందద్దం బుల్లే వేసింది. వాళ్ళ డ్రైవరు మనోరంజన్ తాళం కోసం సాయంత్రం దాకా మా అరుగు మీద కూర్చుని సణిగాడు. పెళ్ళివారు తిరిగి వస్తుంటే కంకర లారీ నుంచి రాయి ఎగిరి, అద్దం కింది అంచున పెసరగింజంత దెబ్బ తగిలింది. లక్ష్మివారం పొద్దున పేరంటానికి వెళ్ళినప్పుడు బుల్లి అది చూసింది. గుడికి వెళ్ళొచ్చాక పూడుస్తానని మనోరంజన్‌తో చెప్పింది కూడా.

ఆ వేళ చలి ఎముకలు కొరికేస్తోంది. కారు రాత్రంతా మంచులో ఉంది. కొత్త కోడలి చేతికి పళ్ళెం ఇచ్చారు. అందులో కర్పూరం గుప్పెడు పోశారు, తక్కువైతే కోడలికి చిన్నతనమని. పాపం ఆ పిల్లకి పట్టుచీర బరువు, అందరి చూపుల బరువు. పళ్ళేన్ని బానెట్టు మీద ఆనించింది. మంట నేరుగా అద్దాన్ని నాకింది. చిటుక్కుమని చప్పుడైంది. కింది అంచు నుంచి గీత బయలుదేరి, మేమంతా చూస్తుండగానే ఆ చివరికి పాకిపోయింది.

మేళం ఆగిపోయింది. అడుగుపెట్టిన వేళ అలాంటిదని ఒక ముసలమ్మ గొణిగింది. ఇంకొకావిడ, ఈ పూటకి అమ్మిని పుట్టింటికి పంపెయ్యమనీ, శాంతి చేయించాక చూసుకోవచ్చనీ సలహా ఇచ్చింది. విశాలాక్షమ్మగారు కాదనలేదు. పృథ్వీరాజ్ తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు. గౌరీశ్వరి ముఖంలో నెత్తురుచుక్క లేదు. అలా వెళ్ళిన పిల్ల మళ్ళీ ఏ ముఖంతో వస్తుంది?

అప్పుడు బుల్లి ముందుకెళ్ళింది.

"పిన్నీ, తప్పు నాది. గమ్ము ఆరకముందే బండి ఇచ్చీసేను. అద్దం ఓ పక్కకి బిగుసుకుపోనాది. హారతి ఇయ్యకపోయినా ఇయాలో రేపో పగిలీసేదే. ఆ అమ్మి ఏటి సేసింది?"

నేను నోరు తెరిచాను. బుల్లి నా చెయ్యి పట్టుకుని నొక్కింది. మనోరంజన్ నావైపు చూసి తల దించుకున్నాడు. తాళం కోసం సాయంత్రం దాకా కూర్చున్నవాడికి అది అబద్ధమని తెలియదూ? అయినా ఊరుకున్నాడు. ఆ మాటతో అందరి చూపూ కోడలి మీంచి బుల్లి మీదకి తిరిగింది. అశ్రద్ధ అన్నారు, పొగరు అన్నారు, లక్ష్మివారం పూట ఇంటికి అశుభం తెచ్చిందన్నారు. గౌరీశ్వరిని లోపలికి తీసుకెళ్ళి వేడి పాలు ఇచ్చారు.

ఇంటికొచ్చాక నేను బుల్లిని కడిగేశాను. ఉన్న ఒక్క పేరూ దానం చేసేసిందని అరిచాను. ఆమె నింపాదిగా చేతులు కడుక్కుంది. తను పెళ్ళీడుకి వచ్చినప్పుడు చూడ్డానికొచ్చినవాళ్ళు గుమ్మంలో ఉండగానే కొట్టులో నిలువుటద్దం పగిలిందట, వాళ్ళు కాఫీ అయినా తాగకుండా వెళ్ళిపోయారట. అద్దాల కొట్టులో అద్దాలు పగలక కుండలు పగులుతాయా? కానీ ఆ తర్వాత వచ్చిన ప్రతి సంబంధం ముందూ ఆ అద్దమే నడిచింది. ఇదంతా చెప్పి, ఈ సంగతి ఎక్కడా అననని బుల్లి నా చేత ఒట్టు వేయించుకుంది.

ఆ ఏడాది ఎలా గడిచిందో నాకు తెలుసు. విశాలాక్షమ్మగారి బళ్ళు వేరే కొట్టుకి వెళ్ళాయి. వాళ్ళే మానేశారంటే ఏదో ఉంటుందని మిగతావాళ్ళూ మానేశారు. బుల్లి మళ్ళీ పటాలు కట్టుకుంటూ కూర్చుంది. ఎవరి మీదా విసుక్కోలేదు. ఆ విసుగంతా నేనే పడ్డాను. విశాలాక్షమ్మగారి మీద కోపం, మనోరంజన్ మీద కోపం, అన్నిటికన్నా ఆ గౌరీశ్వరి మీద కోపం. తన కోసం ఒక మనిషి ఇంత చేస్తే ఏడాదిగా మన్ను తిన్న పాములా పడి ఉందని రోజూ తిట్టుకునేదాన్ని.

ఈ మార్గశిరంలో వాళ్ళు కొత్త కారు కొన్నారు, దానికీ కోడలే హారతి ఇవ్వాలన్నారు. లక్ష్మివారం పేరంటానికి పిలిస్తే బుల్లి రానంది. నేను వెళ్ళాను, చీర ముడిలో ఒట్టు బిగించుకుని. హారతి పళ్ళెం కోడలికి అందిస్తూ విశాలాక్షమ్మగారు నవ్వి, ఈ అద్దం బుల్లి వేసింది కాదు, భయపడక్కర్లేదు అన్నారు. అందరూ నవ్వారు.

గౌరీశ్వరి పళ్ళెం కింద పెట్టేసింది.

"అత్తా, ఆ పొద్దు పళ్ళెం బానెట్టు మీద పెట్టీసింది నాను. మంట తగిలిన కాడే గీత పుట్టింది, కళ్ళారా చూసేను. బుల్లప్ప నా కోసం అబద్ధమాడింది. నాకు సెప్పడానికి ధైర్యం సాలక ఏడాది పట్టింది. ఇప్పుడు పంపీసినా ఎల్లిపోతాను."

ఆ పిల్ల చూపు అత్తగారి మీంచి కదల్లేదు. ఏడాదిగా నేను పోగుచేసిన తిట్లన్నీ అక్కడే వెనక్కి తీసుకున్నాను. అప్పుడు మనోరంజన్ కూడా నోరు విప్పి తాళం సంగతి చెప్పాడు. పృథ్వీరాజ్ ఈసారి చెప్పులు చూసుకోకుండా వెళ్ళి భార్య పక్కన నిలబడ్డాడు. విశాలాక్షమ్మగారు కోడల్ని పళ్ళెంతో సహా కారులో కూర్చోబెట్టి, తనూ ఎక్కి, మనోరంజన్‌ని గుడికి కాదు, మా కొట్టుకి పొమ్మన్నారు. నేను వెనకాలే పరుగులాంటి నడకతో వెళ్ళాను.

కారు ఆగేసరికి బుల్లి గుమ్మంలో ఒక పాత కిటికీకి, అద్దం కదలకుండా, మడ్డి కూరుతోంది. విశాలాక్షమ్మగారు దిగి ఎదురుగా నిలబడ్డారు. తనకెందుకు అబద్ధం చెప్పావని అడిగారు.

"నిజం సెప్తే నమ్మీవోరా, పిన్నీ?"

బుల్లి దెప్పిపొడవలేదు, నిజంగానే అడిగింది.

"నమ్మీదాన్ని కాదమ్మి."

వీధిలో నిలబడి ఆ మాట ఒప్పుకోవడానికి కూడా గుండె కావాలి. ఆవిడకి ఉందని నాకు ఆ రోజే తెలిసింది. ఆవిడ కోడలి చేతిలోంచి పళ్ళెం తీసుకుని బుల్లి ముందు పెట్టారు. కొత్త బండికి హారతి నువ్వే ఇవ్వాలన్నారు. పెళ్ళి కాలేదనీ, అద్దాలు పగలగొట్టే చెయ్యి అనీ ఏ పేరంటంలోనూ ఆమె చేత ఎవరూ హారతి ఇప్పించలేదు. బుల్లి వెనక్కి జరిగి, చేతులకి మడ్డి ఉందనీ, కడుక్కుని వస్తాననీ అంది.

"ఆ సేతుల్తోనే ఇయ్యి," అన్నారు విశాలాక్షమ్మగారు.

బుల్లి పళ్ళెం తీసుకుంది. కర్పూరం సగం తీసి పక్కన పెట్టి, బండికి బారెడు దూరంలో నిలబడి నెమ్మదిగా తిప్పింది. గౌరీశ్వరి గంట వాయించింది. మా ఆయన కొట్టు లోపల్నుంచి వచ్చి చెప్పులు విడిచి నిలబడ్డాడు. నేను ఏడ్చాను, ఎవరు చూస్తే నాకేం? నా పక్కన ఆగిన ఎవరో దారినపోయే మనిషి ఆవిడెవరని అడిగితే, మా ఆడపడుచు అని వీధంతా వినబడేలా చెప్పాను.