రవీందర్ కట్టిన ఇంజన్‌కు బెల్ట్

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వేసవి మొదట్లో, ఖమ్మంలోని ఒక మోటారు వర్క్‌షాప్‌లో సీనియర్ ఫోర్‌మన్‌గా ఉన్నాను. అప్పుడు మా మేనేజర్ నాకు అప్పగించిన పని, ఒక పాత పెట్రోల్ కారుకు టైమింగ్ బెల్ట్ ఎంపిక చేయడం. ఆ కారు భద్రాచలం అవతల అడవి ఊళ్లలో వైద్యం చేసే ఒక డాక్టరమ్మది. రోగులను ఎక్కించుకుంటే ఎత్తు రోడ్లు ఎక్కలేకపోతోందని, ఇంజన్ బలం పెంచమని ఆమె కోరింది.

బలం పెంచే పని మాత్రం రవీందర్‌కు ఇచ్చారు. అతనిది ఇల్లందు. హోదాలో నాకంటే ఒక మెట్టు కింద, ఫోర్‌మన్. అంతకుముందు ఇలాంటి పనులన్నీ నావే. ఇంజన్ విప్పిన రోజు నుంచి షెడ్డులో అందరూ అతని బల్ల చుట్టూనే ఉన్నారు. డాక్టరమ్మ ఫోన్ నేనెత్తినా, "రవీందర్ ఉన్నడా?" అనే అడిగేది. ఉన్నాడని ఫోన్ అందించేవాణ్ణి. పైకి మామూలుగానే ఉన్నా లోపల ఉడికిపోయేవాణ్ణి. అతను ఎవరితో నవ్వినా నన్ను చూసే నవ్వినట్టుండేది.

టైమింగ్ బెల్ట్ అంటే పళ్లున్న రబ్బరు పట్టీ. కింద క్రాంక్‌షాఫ్ట్ తిరుగుడును పైన కామ్‌షాఫ్ట్‌కు అందిస్తుంది. వాల్వులు వేళకు తెరుచుకునేది, మూసుకునేది దానివల్లే. ఈ రకం ఇంజన్‌లో అది తెగినా, పళ్లు జారినా పిస్టన్ వెళ్లి వాల్వును కొడుతుంది. బండి అక్కడే ఆగిపోతుంది. ఫోన్ సిగ్నల్ లేని అడవిలో, వెనక సీట్లో రోగి ఉండగా ఆగితే ఆ ప్రాణానికి పూచీ ఎవరిది?

మామూలు కారుకైతే మోడల్ పేరు చెప్పి బెల్ట్ తెచ్చుకుంటే చాలు. మార్చిన ఇంజన్‌కు అలా కుదరదు. రవీందర్ గట్టి వాల్వు స్ప్రింగులు వేశాడు కాబట్టి బెల్ట్ పళ్ల మీద భారం పెరిగింది. బలం పెరగడానికి ఇంజన్ పైభాగం, అంటే హెడ్, అడుగు చెక్కించాడు కాబట్టి అందులోని కామ్‌షాఫ్ట్ కాస్త కిందికి దిగింది. ఇవన్నీ కొలిచి బెల్ట్ చెప్పాలి. నేను కొలిచింది బెల్ట్ కోసం మాత్రమే కాదు, అతని పనిలో తప్పు దొరుకుతుందేమోనని కూడా. కొలిచిన ప్రతిదీ సరిగ్గా వస్తుంటే నాకు చిరాకు పెరిగింది.

చివరికి ఒకటి దొరికింది. పాత కొలత బెల్టే పెట్టి చూస్తే, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ చివరిదాకా వెళ్లి ఆగింది. ఇంకా జరగడానికి చోటు లేదు. రేపు బెల్ట్ కొద్దిగా సాగినా వదులైపోతుంది. నాకు పట్టరాని సంతోషమైంది. టీ వేళకు మేనేజర్, అందరూ ఉన్నప్పుడే ఆ మాట బయటపెట్టాను.

రవీందర్ వచ్చి వంగి చూశాడు. "అవ్ అన్నా, గిది నాకు తట్టనే లేదు. ఒక పన్ను తక్కువున్న బెల్ట్ ఏద్దామా?"

"గట్లయితే మరీ బిగుసుకుంటది, గదే బెల్ట్ తిప్పే వాటర్ పంప్ బేరింగ్ పోతది," అన్నాను. "మందం గ్యాస్కెట్ ఎయ్యి, హెడ్ పైకి లేస్తది. పళ్లు అన్నే ఉండాలె, లోపలి దారం గట్టిగున్న బెల్ట్ తెద్దాం."

హెడ్‌కు, ఇంజన్‌కు మధ్య పెట్టే ఆ గ్యాస్కెట్ రేకు మందమైతే, చెక్కించి అతను పెంచిన బలంలో కొంత పోతుంది. అతని మొహం చిన్నబోతుందేమోనని చూశాను.

"పోతే పోనీ, బండి ఆగకుంటే సాలు. మంచిగ చూసినవ్ అన్నా," అంటూ అప్పుడే బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

మేనేజర్ అతని భుజం తట్టాడు. "తప్పు చెప్తే గిట్ల తీసుకోవాలె," అని అందరికీ వినిపించేలా అన్నాడు. తప్పు పట్టింది నేను, మెప్పు అతనికి.

కొత్త బెల్ట్ వేసి, ఇంజన్‌ను చేత్తో తిప్పి, పైనా కిందా బెల్ట్ చక్రాల మీది గుర్తులు కలిశాయని ఇద్దరం చూసుకున్నాకే కారు పంపాం. వానాకాలం వెళ్లాక డాక్టరమ్మ సర్వీసుకు తెచ్చింది. ఒక్కసారి కూడా ఆగలేదని రవీందర్‌కే చెప్పింది. నేను కవర్ తీసి బెల్ట్ చూశాను. ఒక్క పన్ను కూడా అరగలేదు. నేను రిటైరయ్యే నాటికి అతను అసిస్టెంట్ మేనేజర్ అయ్యాడు. నా అసూయ తగ్గిందని చెప్పను.

ఆ పని తర్వాత మా షెడ్డులో ఒక పద్ధతి పెట్టించాను. ఇంజన్ కట్టినవాడు దాని బెల్ట్ ఎంచకూడదు, మరొకరు కొలవాలి. ఆ ఇద్దరికీ పడకపోతే కొలత ఇంకా సరిగ్గా వస్తుంది.